విటుడిని జైలుకు పంపితే ఈ వ్యాపారం ఆగుతుందా? పీటా కేసులు చూసే లాయరుగా నా జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. కాలేజీ డిబేట్‌లో "డబ్బిచ్చి సెక్స్ కొనడాన్ని నేరం చేయాలి" అనే వాదనకు అనుకూలంగా మాట్లాడాలి. హైదరాబాద్‌లో రెయిడ్ జరిగిన ప్రతిసారీ "వ్యభిచార ముఠా గుట్టురట్టు, ఇద్దరు విటుల అరెస్ట్" అని పేపర్లో వస్తుంది కాబట్టి, అది ఇప్పటికే నేరమేనా అన్నది మీ మొదటి సందేహం. కొన్నవాడికే శిక్ష, అమ్మినామెకు కాదు అనే స్వీడన్ చట్టాన్ని తెచ్చి ఇక్కడ పెడితే పనిచేస్తుందా అన్నది రెండోది.

ముందు సూటిగా చెప్పేస్తాను. పద్దెనిమిదేళ్లు నిండిన మనిషి దగ్గరికి, ఆ మనిషి ఇష్టంతో, డబ్బిచ్చి వెళ్లడం దానంతటదే మన చట్టంలో నేరం కాదు. అయితే నేరమయ్యే సందర్భాలు చాలానే ఉన్నాయి, కింద చెప్తాను. ఇక స్వీడన్ సంగతి. ఇప్పుడున్న పీటా చట్టాన్ని (వ్యభిచార కేసులకు వాడే అనైతిక రవాణా నిరోధక చట్టం) ఇలాగే ఉంచి, దానికి "కొన్నవాడికి కూడా శిక్ష" అని ఒక సెక్షన్ తగిలిస్తే దెబ్బ తగిలేది ఆడవాళ్లకే. ముందు వాళ్ల మీదున్న సెక్షన్లు తీసేయాలి, కొన్నవాడి సంగతి ఆ తర్వాత. ఈ వరుస తప్పితే స్వీడన్ పేరు చెప్పుకుని మనం చేసేది ఇంకేదో అవుతుంది.

నేను నాంపల్లి కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూస్తాను. కస్టమర్ల తరఫున క్వాష్ పిటిషన్లు, అంటే కేసు కొట్టేయమని హైకోర్టులో వేసేవి, వేశాను, లీగల్ ఎయిడ్ నుంచి రెస్క్యూ హోంలో ఉన్న ఆడవాళ్ల తరఫునా నిలబడ్డాను. ఆర్గనైజర్ల వకాలత్ మాత్రం తీసుకోను. అది నా పట్టింపు, తోటి లాయర్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

పేపర్లో అరెస్ట్, కోర్టులో కొట్టివేత

1956లో వచ్చిన చట్టానికి 1986లో పేరు మార్చి అనైతిక రవాణా నిరోధక చట్టం అన్నారు. పోలీసులు, లాయర్లు అందరూ పీటా అనే అంటారు. వ్యభిచార గృహం నడిపితే సెక్షన్ 3, ఆ సంపాదన మీద బతికితే సెక్షన్ 4, ఆ పనిలోకి దింపితే సెక్షన్ 5, బలవంతంగా నిర్బంధించి ఉంచితే సెక్షన్ 6. వీటిలో కస్టమర్ ఊసే లేదు. అయినా ఎఫ్‌ఐఆర్‌లో ఎ1గా నిర్వాహకురాలిని, ఎ2గా బ్రోకర్‌ను, ఎ3, ఎ4గా కస్టమర్లను రాసి, మొత్తం సెక్షన్లన్నీ అందరికీ కలిపి పెట్టేస్తారు. 2013, 2014 సంవత్సరాల్లోనే ఇక్కడి హైకోర్టు, అంటే అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, కస్టమర్ ఈ సెక్షన్ల కిందికి రాడని చెప్పింది. అప్పటి నుంచీ ఆ తీర్పులు జతచేసి పిటిషన్ వేయడం, కేసు కొట్టేయించుకోవడం మాకు రొటీన్ పని.

మినహాయింపులు ఇవీ. గుడి, మసీదు, బడి, ఆసుపత్రి లాంటి చోట్లకు 200 మీటర్ల లోపల అయితే సెక్షన్ 7 వర్తిస్తుంది. అందులో ఆమెకూ శిక్షే, ఆమెతో ఉన్నవాడికీ శిక్షే, మూడు నెలల దాకా. హైదరాబాద్‌లో 200 మీటర్ల దూరంలో గుడో, బడో, నర్సింగ్ హోమో లేని వీధి ఎక్కడుందో మీరే చెప్పండి. అయినా దూరం కొలిచి పంచనామాలో రాసిన కేసులు తక్కువే. ఆ అమ్మాయి వయసు పద్దెనిమిది లోపు అయితే పిల్లలపై లైంగిక నేరాల చట్టం, పోక్సో పడుతుంది, అది వేరే లోకం. "వయసు తెలియదు సార్" అంటే చెల్లదు. తెలియదని నిరూపించుకునే భారం అతని మీదే ఉంటుంది. ఇక, ట్రాఫికింగ్ (మనుషుల అక్రమ రవాణా) చేసి తెచ్చిన మనిషి అని తెలిసీ, లేదా అలా అనుకోవడానికి తగిన కారణం ఉండీ వాడుకుంటే, పాత ఐపీసీలో 370ఎ. 2024 జూలై నుంచి అదే భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 144. పెద్దవాళ్ల విషయంలో మూడు నుంచి ఏడేళ్లు, పిల్లల విషయంలో ఐదు నుంచి పదేళ్లు. దీని గురించి మళ్లీ వస్తాను, నా వాదన అంతా దీని చుట్టూనే.

ఈమధ్య ఒక కొత్త మలుపు ఉంది. 2025 జూలైలో కేరళ హైకోర్టు, డబ్బిచ్చి వెళ్లేవాడు ఆ స్త్రీని ఆ పనికి పురికొల్పినట్టే కాబట్టి సెక్షన్ 5 కింద విచారించవచ్చు, ఆమె ఒక వస్తువు కాదు గనుక అతన్ని కస్టమర్ అనలేం అని చెప్పింది. మన దగ్గరి కోర్టులు దానికి కట్టుబడాల్సిన పని లేదు, కానీ మీ డిబేట్‌కు మాత్రం ఇది బాగా పనికొస్తుంది.

రెయిడ్ రోజు సాయంత్రం ఎవరు ఎక్కడుంటారు

"కొన్నవాడిని పట్టుకుంటే ఆమెకు మేలు" అని వాదించేవాళ్లు దయచేసి ఒక్కసారి రెయిడ్ ఎలా జరుగుతుందో చూడాలి. ముందు ఒక డెకాయ్‌ను, అంటే కస్టమర్‌లా నటించే మనిషిని పంపుతారు, చేతికి నంబర్లు రాసుకున్న నోట్లు ఇస్తారు. సైగ అందగానే టీమ్ లోపలికి వెళ్తుంది. పంచనామా మొదటి వాక్యం ఏ కేసులో చూసినా ఒకటే: "నమ్మదగిన సమాచారం మేరకు..." ఆ తర్వాత స్వాధీనం చేసుకున్న వస్తువుల పట్టిక ఉంటుంది. నగదు, సెల్‌ఫోన్లు, కండోమ్ ప్యాకెట్లు. కండోమ్‌లను నేరానికి సాక్ష్యంగా చూడొద్దని సుప్రీంకోర్టు 2022లోనే చెప్పింది. అయినా ఆ పట్టికలో అవి కనబడుతూనే ఉన్నాయి.

కస్టమర్‌కు నోటీసు ఇచ్చి పంపేస్తారు. పాతకాలపు 41ఎ నోటీసు, ఇప్పుడు 35 అంటున్నాం. రాత్రి భోజనం వేళకు అతను ఇంట్లో ఉంటాడు. మర్నాడు నా దగ్గరికి వచ్చి మొదట అడిగేది శిక్ష గురించి కాదు, "మేడం, పేపర్లో పేరు రాకుండా చూడొచ్చా?" అని. అతని టెన్షన్ అంతా భార్యకు, ఆఫీసుకు తెలుస్తుందేమోనని. అందులో నాకు అతని మీద జాలి లేదు, కోపమూ లేదు. ఫీజు తీసుకుని పని చేస్తాను.

ఆమెను మాత్రం ఎఫ్‌ఐఆర్‌లో "బాధితురాలు" అని రాస్తారు. బాధితురాలు కదా, ఇంటికి వెళ్లొచ్చు అనుకుంటున్నారా? మేజిస్ట్రేట్ ముందు పెట్టి సెక్షన్ 17 కింద రెస్క్యూ హోంకు పంపుతారు. ఆ సెక్షన్‌ను ఒకసారి చదవండి. ఆమె వయసు, నడత, పూర్వ చరిత్ర విచారించాలట. ఆమెను అప్పగించడానికి తల్లిదండ్రులు, సంరక్షకుడు, భర్త తగినవాళ్లా కాదా చూడాలట. ఆమెకు ముప్పై అయిదేళ్లున్నా సరే. విచారణ అయ్యాక, అవసరమనుకుంటే ఏడాది నుంచి మూడేళ్ల వరకూ హోంలో ఉంచమని మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. అంటే, నేరం మోపబడినవాడు ఇంట్లో, నేరానికి గురైందని రాసిన మనిషి నిర్బంధంలో.

ఒకామె సంగతి చెప్తాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. కోస్తా జిల్లా మనిషి, కూకట్‌పల్లి వైపు ఒక ఫ్లాట్‌లో దొరికింది. భర్త వదిలేశాడు. ఊళ్లో అందరికీ మాల్‌లో పని అని చెప్పుకుంది. కోర్టు వరండాలో నన్ను పట్టుకుని ఆమె అడిగిన మాట, "మా పాపకి నాలుగింటికి స్కూల్ వదుల్తారు మేడం, ఎవరు తీసుకొస్తారు?" పక్కింటామెకు ఫోన్ చేయించాం. ఆ రాత్రికి పాప వాళ్ల దగ్గరే ఉంది. తర్వాత హోం వాళ్లు రక్తసంబంధీకులు ఎవరైనా ఆధార్ కార్డుతో రావాలన్నారు. అన్నయ్యకు కబురు వెళ్లింది. అతను వచ్చాడు, సంతకం పెట్టాడు. బస్టాండ్ దాకా చెల్లెలితో ఒక్క మాట మాట్లాడలేదు. ఊరికి తీసుకెళ్లి ఆమె పేరు మీదున్న ఇంటి వాటా రాయించుకున్నాడని తర్వాత తెలిసింది. ఆమె మళ్లీ హైదరాబాదే వచ్చింది, మళ్లీ అదే పనికి. ఈసారి అడ్వాన్సు కట్టడానికి అప్పు కూడా ఉంది.

ఇలాంటి కేసులో ఆ రోజు దొరికిన కస్టమర్‌కు ఆరు నెలలు శిక్ష పడి ఉంటే ఆమెకు ఏం ఒరిగేది? నేను వెటకారానికి అడగట్లేదు. ఒరిగేది ఏదైనా ఉంటే ఆ చట్టం కావాలనే అంటాను.

ఆమె మీదున్న సెక్షన్లు చూశారా?

సెక్షన్ 8, అంటే రోడ్డు మీద నిలబడి పిలవడం, సైగ చేయడం. ఆడవాళ్లకు మొదటిసారి ఆరు నెలల దాకా శిక్ష. అదే పని మగవాడు చేస్తే? ఏడు రోజుల నుంచి మూడు నెలలు. ఇది 1986లో మన పార్లమెంటు రాసిన వాక్యమే. సెక్షన్ 20 కింద, ఫలానా స్త్రీ ఈ ప్రాంతం వదిలి వెళ్లాలని మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. 1963లోనే సుప్రీంకోర్టు ఆ సెక్షన్ సరైనదే అంది. వ్యభిచార గృహం నిర్వచనం ఇంకా విచిత్రం. ఇద్దరు ఆడవాళ్లు ఒకరికొకరు తోడుగా ఉంటుందని కలిసి ఒక గది అద్దెకు తీసుకున్నా, "ఇద్దరి పరస్పర లాభం కోసం" వాడుతున్నారు కాబట్టి అది వ్యభిచార గృహమే. ఒంటరిగా ఉంటే ప్రమాదం, ఇద్దరుంటే సెక్షన్ 3. ఇక సెక్షన్ 4 ప్రకారం ఆమె సంపాదన మీద తెలిసి బతికే పద్దెనిమిదేళ్లు దాటిన ఎవరైనా నేరస్తులే. డిగ్రీ చదివే కొడుకు కూడా.

ఇవన్నీ అలాగే ఉంచి కొన్నవాడిని కూడా కలిపితే, అది స్వీడన్ చట్టం కాదు. మరో రెండు వందల రెయిడ్లకు దారి.

స్వీడన్‌లో నిజంగా ఉన్నదేమిటి

1999 జనవరి 1 నుంచి అక్కడ కొనడం నేరం, అమ్మడం నేరం కాదు. మొదట గరిష్ఠ శిక్ష ఆరు నెలలు, 2011లో ఏడాదికి పెంచారు. నార్వే, ఐస్‌లాండ్ 2009లో, కెనడా 2014లో, ఉత్తర ఐర్లాండ్ 2015లో, ఫ్రాన్స్ 2016లో, ఐర్లాండ్ 2017లో అదే దారి పట్టాయి. ఇజ్రాయెల్ కూడా 2018 చివర చట్టం చేసి 2020లో అమల్లోకి తెచ్చింది.

మీకు దొరికే పెద్ద ఆధారం 2010లో అన్నా స్కార్‌హెడ్ నేతృత్వంలో స్వీడన్ ప్రభుత్వం చేయించిన సమీక్ష. వీధుల్లో జరిగే వ్యభిచారం సగానికి తగ్గిందని అందులో తేల్చారు. దాన్ని వాడుకోండి, తప్పు లేదు. కానీ అవతలి పక్షం రెండు ప్రశ్నలు వేస్తుంది, సిద్ధంగా ఉండండి. ఒకటి, కొనడం నేరంగానే కొనసాగాలన్న షరతుతోనే ఆ సమీక్ష మొదలైంది కదా అని. రెండు, ఫోన్లు, ఇంటర్నెట్ వచ్చాక వీధిలో తగ్గడాన్ని బట్టి ఏం తేల్చగలం అని. రెండోది మన నగరానికి మరీ వర్తిస్తుంది. పాతబస్తీలో మెహబూబ్ కి మెహందీ అనే చోటును 1996లో ఖాళీ చేయించాక హైదరాబాద్‌లో అలాంటి పేరున్న వాడ లేదు. ఆ ఖాళీ చేయించిన చోటులోనే పిల్లలకు బడి పెట్టి, ట్రాఫికింగ్ బాధితుల కోసం పనిచేసే ప్రజ్వల సంస్థ మొదలైంది. అక్కడి ఆడవాళ్లు నగరమంతా చెదిరిపోయారు. ఇవాళ ఇదంతా వాట్సాప్‌లో, మసాజ్ సెంటర్ల బోర్డుల వెనక, సర్వీస్ అపార్ట్‌మెంట్లలో నడుస్తోంది. లెక్కపెట్టడానికి వీధే లేదు.

ఉత్తర ఐర్లాండ్‌లో క్వీన్స్ యూనివర్సిటీ బెల్‌ఫాస్ట్ పరిశోధకులు చేసిన సమీక్ష 2019లో వచ్చింది. చట్టం వల్ల గిరాకీ తగ్గిందనడానికి ఆధారం దొరకలేదు వాళ్లకు. నార్వే అనుభవం మనకు ఇంకా దగ్గర. ఓస్లోలో పోలీసులు ఇళ్ల యజమానులను బెదిరించి ఆడవాళ్లను ఖాళీ చేయించారు. ఆ ఆపరేషన్ పేరే "హోమ్‌లెస్". మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ 2016లో దీన్ని బయటపెట్టింది. అక్కడే అలా జరిగితే, ఒంటరి ఆడమనిషికి ఇల్లివ్వడానికే సవాలక్ష ప్రశ్నలడిగే మన ఓనర్ల సంగతి నేను చెప్పాలా?

ఫ్రాన్స్‌ను మాత్రం బాగా చదవండి. వాళ్లు 2016లో కొన్నవాడికి 1,500 యూరోల జరిమానా పెట్టారు, అదే చట్టంలో ఆడవాళ్ల మీదున్న "పిలవడం" నేరాన్ని తీసేశారు, ఆ పని మానాలనుకున్నవాళ్లకు భత్యం, విదేశీయులైతే తాత్కాలిక నివాస అనుమతి ఇచ్చే కార్యక్రమం పెట్టారు. 261 మంది సెక్స్ వర్కర్లు ఆ చట్టం తమ ప్రాణాలకే ముప్పని యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకు వెళ్లారు. 2024 జూలైలో కోర్టు ఫ్రాన్స్ పక్షానే నిలిచింది. అలా వెళ్లినవాళ్లు చెప్పిన ఇబ్బందులను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. కస్టమర్ భయపడితే మాట్లాడుకునే టైము తగ్గుతుంది, చీకటి చోటుకు రమ్మంటాడు, పేరు చెప్పడు. ఇక్కడి ఆడవాళ్లూ నాతో ఇదే అంటారు. రెయిడ్లు ఎక్కువున్న నెలల్లో "మంచి కస్టమర్లు రారు మేడం, తాగొచ్చేవాళ్లే వస్తారు" అని.

న్యూజిలాండ్ 2003లో దీనికి పూర్తి వ్యతిరేక దారి పట్టి మొత్తం నేర పరిధి నుంచే తీసేసింది, 60కి 59 ఓట్లతో. జర్మనీ 2002లో చట్టబద్ధం చేసి, 2017లో రిజిస్ట్రేషన్ పెట్టి మళ్లీ బిగించింది. వీటి గురించి మీ ప్రత్యర్థులు చెప్తారు, నేను పొడిగించను.

మన దగ్గర ఒకసారి ప్రయత్నించారు

ఈ సంగతి చాలామందికి గుర్తులేదు. 2006లో అప్పటి ఖమ్మం ఎంపీ, కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రి రేణుకా చౌదరి హయాంలోనే పీటా సవరణ బిల్లు లోక్‌సభకు వచ్చింది. అందులో సెక్షన్ 8, సెక్షన్ 20 తీసేయాలన్నారు, చాలా మంచి మాట. దాంతోపాటు 5సి అని కొత్త సెక్షన్ పెట్టి, ట్రాఫికింగ్‌కు గురైన మనిషిని వాడుకోవడానికి వ్యభిచార గృహానికి వెళ్లేవాడికి మూడు నెలల దాకా జైలు లేదా 20,000 రూపాయల దాకా జరిమానా లేదా రెండూ అన్నారు. ఆరోగ్య శాఖ అడ్డం తిరిగింది. కస్టమర్ దాక్కుంటే కండోమ్ పంచేవాళ్లు, హెచ్ఐవీ కార్యకర్తలు వాళ్లను చేరలేరన్నది దాని వాదన. సెక్స్ వర్కర్ల సంఘాలూ వీధికెక్కాయి. బిల్లు స్టాండింగ్ కమిటీకి వెళ్లి వచ్చింది, 2009లో సభ రద్దుతో మురిగిపోయింది. 5సి మీద గొడవలో సెక్షన్ 8 తీసేసే అవకాశం కూడా కొట్టుకుపోయింది. నాకు బాధ అక్కడే.

మరి కొన్నవాడిని వదిలేయాలా?

లేదు. ఇందాక చెప్పిన సెక్షన్ 144ను బయటికి తీయండి. 2018లో యాదగిరిగుట్టలో చిన్నపిల్లలను వ్యభిచార గృహాల నుంచి బయటికి తెచ్చిన కేసులు గుర్తుండే ఉంటాయి. త్వరగా ఎదగాలని వాళ్లకు హార్మోన్ ఇంజక్షన్లు ఇచ్చారన్న ఆరోపణలతో రాష్ట్రమంతా అట్టుడికింది. నిర్వాహకుల పేర్లు బయటికొచ్చాయి. ఏళ్ల తరబడి అక్కడికి వెళ్లినవాళ్ల సంగతి ఎవరూ అడగలేదు.

నా ఎదుటికొచ్చిన ఇంకో కేసులో అమ్మాయికి బెంగాలీ తప్ప ఇంకే భాషా రాదు. గదికి బయట గడియ. డబ్బు ఆమె చేతికి ఎప్పుడూ రాలేదు. భోజనం పళ్లెం తలుపు సందులోంచి లోపలికి తోసేవాళ్లు. ఆ గదిలోకి వెళ్లొచ్చిన మగవాడికి "అలా అనుకోవడానికి తగిన కారణం" లేదంటే నేను నమ్మను. కానీ ఛార్జిషీట్‌లో గడియ సంగతి లేదు. పంచనామాలో గదికి కొలతలున్నాయి, మంచం ఉంది, ఫ్యాన్ ఉంది, బయటి గడియ లేదు! కస్టమర్‌కు ఎప్పటిలాగే సెక్షన్ 3, 4, 5 పెట్టారు, ఎప్పటిలాగే కొట్టేశారు.

అందుకే నేను పోలీసు ట్రైనింగ్‌లకు పిలిచినప్పుడల్లా చెప్పేది ఒకటే. కస్టమర్‌ను ఈ ప్రశ్నలు అడిగి రాయండి: డబ్బు ఎవరి చేతికిచ్చావు? తలుపు ఎవరు తీశారు, గడియ ఎటువైపుంది? ఆమెతో ఏ భాషలో మాట్లాడావు, ఆమె నీతో మాట్లాడిందా? ఒంటి మీద దెబ్బలు చూశావా? ఫోన్ ఆమె దగ్గర ఉందా? ఇవి రాస్తే 144 నిలబడుతుంది. కొత్త చట్టంతో పనిలేదు.

ఇక్కడే ఒక చిక్కుంది, ఇది కోర్టుల్లో తిరిగేవాళ్లకు తప్ప తట్టదు. ఆర్గనైజర్ మీద కేసులో డబ్బు ఎవరికిచ్చాడో చెప్పగల బయటి మనిషి కస్టమర్ ఒక్కడే. అతన్ని నిందితుడిగా పెట్టగానే పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలం సాక్ష్యంగా చెల్లదు, కోర్టులో నోరు విప్పాల్సిన అవసరమూ ఉండదు. ఆమె అప్పటికి ఊరు వెళ్లిపోయి ఉంటుంది, సమన్లు అందవు. పంచనామాకు సాక్షులుగా సంతకం పెట్టిన మధ్యవర్తులు "సంతకం నాదే, లోపలేముందో తెలియదు" అంటారు. కేసు ఎగిరిపోతుంది. కొనడమే నేరం చేస్తే ప్రతి కస్టమరూ శాశ్వతంగా నిందితుడే, సాక్షి అనేవాడే మిగలడు. సాక్షిగా పెడితే మాత్రం నిజం చెప్తాడా, పరువు కోసం అడ్డం తిరగడా అంటారా? తిరుగుతారు, చాలామంది. అయినా మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం ఇప్పించిన కేసుల్లో నిలబడినవాళ్లను చూశాను.

ఇంకో మాట. డబ్బు చేతులు మారితేనే "కొనడం". పాలమూరు, నిజామాబాద్ వైపు జోగినీ వ్యవస్థలో ఆడపిల్లను వాడుకున్న ఊరి పెద్దలు ఏమి కొన్నారు? 1988లో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. దాని కింద జోగినిగా మార్చే తంతు జరిపినవాళ్లే నేరస్తులు. కొనుగోలును నేరం చేసే చట్టం వస్తే నెలజీతం దాచుకుని లాడ్జికి వెళ్లిన కుర్రాడు దొరుకుతాడు, వీళ్లు దొరకరు. కులబలం ఉన్నచోట పర్సు తీయాల్సిన అవసరమే రాదు.

మీ డిబేట్‌కు

మీది అనుకూల పక్షం కాబట్టి నా అభిప్రాయాన్ని పక్కన పెట్టి మీకు బలమైనది చెప్తాను. "కొనేవాళ్లు లేకపోతే తెచ్చి అమ్మేవాళ్లుండరు" అన్నది ప్రజ్వల సంస్థ సునీతా కృష్ణన్ లాంటివాళ్లు చాలాకాలంగా చెప్తున్న వాదన. వందల మంది పిల్లలను బయటికి తెచ్చిన అనుభవంలోంచి వచ్చిన మాట అది, తీసిపారేసేది కాదు. దాన్ని ముందు పెట్టండి. తర్వాత కేరళ తీర్పు. తర్వాత ఫ్రాన్స్ చట్టం, 2024 యూరోపియన్ కోర్టు తీర్పు. మహిళలు, బాలికలపై హింస విషయంలో ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి రీమ్ అల్‌సలేమ్ కూడా 2024లో ఇదే దారిని సమర్థించారు. కానీ మీ ప్రతిపాదనను "సెక్షన్ 8, 20 రద్దు చేసి, 17లో మేజర్లను నిర్బంధించే భాగం తీసేసి, ఆపైన కొనుగోలును నేరం చేయాలి" అని మొదటి నిమిషంలోనే చెప్పేయండి. అప్పుడు నాలాంటివాళ్లు అడిగే ప్రశ్నల్లో సగం మీ మీద పనిచేయవు. హోంలో నేర్పే టైలరింగ్‌తో నెలకు ఎంత వస్తుంది, హైదరాబాద్‌లో సింగిల్ రూమ్ అద్దె ఎంత అని ఎవరైనా అడిగితే మాత్రం జవాబు వెతుక్కుని వెళ్లండి. స్వీడన్‌లో ఆ ప్రశ్నకు సంక్షేమ వ్యవస్థ జవాబిస్తుంది, ఇక్కడ కుట్టుమిషన్ ఇస్తారు.

అవతలి పక్షం తప్పకుండా "2022లో సుప్రీంకోర్టు దీన్ని వృత్తిగా గుర్తించి చట్టబద్ధం చేసింది" అంటుంది. టీవీల్లో అలాగే వచ్చింది కాబట్టి. అక్కడ ఆపండి. 2022 మే 19 నాటి ఉత్తర్వులో ఉన్నవి సుప్రీంకోర్టు వేసిన కమిటీ చేసిన పది సిఫారసులు. వాటిలో కేంద్రం ఒప్పుకున్న ఆరింటినే అమలు చేయమన్నారు: పోలీసులు మర్యాదగా చూడాలి, ఇష్టం లేకుండా హోంలలో ఉన్న మేజర్ల కేసులు పరిశీలించాలి, మీడియా వాళ్ల గుర్తింపు బయటపెట్టకూడదు, కండోమ్ సాక్ష్యం కాకూడదు లాంటివి. "ఇష్టంతో చేస్తున్నవాళ్లను రెయిడ్‌లో అరెస్ట్ చేయొద్దు" అన్న సిఫారసు మీద కేంద్రం అభ్యంతరం చెప్పింది, అది ఆ ఆరింటిలో లేదు. ఉత్తర్వు కాపీ సుప్రీంకోర్టు వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. ప్రింట్ తీసుకుని, ఆ పేరా దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టుకుని వెళ్లండి.